చెడిపోని డిస్కు

నేను ఏరికోరి కొన్న హార్డ్ డిస్కు ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తోంది. మూడేళ్ల వారంటీ గడిచిపోయినా ఒక్కనాడు మొరాయించలేదు, టక్కుటక్కుమని చప్పుడు చెయ్యలేదు, కేబుల్ పెట్టే చోటు కూడా వదులు కాలేదు. అయినా మా క్లయింట్ల కాగితాలు ఆ డిస్కులోంచే పోయాయి. పోగొట్టింది నేను. ఎలా పోగొట్టానో, అంతకుముందు ఎంత చదివి ఎంత ఆలోచించి మరీ పోగొట్టానో రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆఫీసు బ్యాకప్ కోసం నమ్మకమైన డిస్కు ఏదండీ అని నన్ను అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు నేనూ సరిగ్గా అదే ప్రశ్న పట్టుకుని తిరిగాను.

మాది విజయవాడ గవర్నరుపేటలో చిన్న ఆడిట్ ఆఫీసు. నాన్నగారు పెట్టింది. వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు, ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్లు, కొందరు డాక్టర్లు, కొన్ని చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు మా క్లయింట్లు. వాళ్ల ట్యాలీ డేటా, రిటర్నులు, కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, దస్తావేజుల స్కాన్లు అన్నీ మా సర్వర్‌లో ఉంటాయి. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు, గోడవారన యూపీఎస్ పక్కన నడిచే ఒక కంప్యూటర్. ఇవన్నీ ఉంచాలా వద్దా అన్నది మన ఇష్టాన్ని బట్టి ఉండదు. కంపెనీల చట్టం 128వ సెక్షన్ ఖాతా పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పాటు ఉంచమంటుంది. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. చట్టం దృష్టిలో ఆ బాధ్యత వ్యాపారిదే. కానీ ఏ వ్యాపారిని అడిగినా, అన్నీ ఆడిటర్ గారి దగ్గర ఉన్నాయనే చెబుతాడు. ఆ మాట మీద బతికే ఆఫీసు మాది.

నాన్నగారి కాలం నుంచి మా దగ్గరున్న పెద్ద గుమాస్తా గారిని నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఏటా మార్చి 31 దాటి, ఆ సంవత్సరం లెక్కలు తేలగానే ఆయన ఒక పని పెట్టుకునేవారు. క్లయింట్ల ఫోల్డర్లన్నీ డీవీడీలకు ఎక్కించేవారు. ఒక్కో డీవీడీకి పట్టేది 4.7 జీబీ. స్కాన్లు ఎక్కువయ్యే కొద్దీ డీవీడీలు గుట్టలయ్యాయి. ఒక్కోటి ఎక్కించాక బయటికి తీసి, మళ్లీ పెట్టి, ఏదో ఒక బిల్లు తెరిచి చూసి, ఆ తర్వాతే మార్కర్‌తో సంవత్సరం రాసి కవర్లో పెట్టేవారు. ఒక సెట్టు ఆఫీసు బీరువాలోకి, ఇంకో సెట్టు వాళ్లింటికి. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటారని ఆయనకు తెలియదు. ఆ దినం 2011లో మొదలైంది, ఆయన అలవాటు అంతకంటే పాతది. రోజుల తరబడి ఆయన ఆ పనిలో మునిగి ఉంటే, రిటర్నుల పని ఆగిపోతోందని నాకు విసుగ్గా ఉండేది.

2021 మొదట్లో మా సర్వర్ ఒకరోజు పొద్దున్నే ఆన్ కాలేదు. మధ్యాహ్నానికి బాగుపడింది, ఏమీ పోలేదు. కానీ నేను బెదిరిపోయాను. మంచి ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి కొనెయ్యాలి, చెడిపోవడమన్నది ఎరగనిది కొనాలి అని పంతం పట్టాను. పన్నుల చట్టం చదివినంత శ్రద్ధగా హార్డ్ డిస్కుల గురించి చదివాను.

చదివింది వృథా అనను. అందులో ఉన్నదంతా నిజమే. ఇవాళ ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద కంపెనీలు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మాక్స్‌టర్, శామ్‌సంగ్ డిస్కుల వ్యాపారాలు సీగేట్‌లో కలిశాయి, హిటాచీది వెస్టర్న్ డిజిటల్‌లో కలిసింది. కాబట్టి డబ్బా మీద ఏ పేరున్నా లోపల తిరిగే డిస్కు ఈ ముగ్గురిలో ఒకరిదే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ 2007లో లక్ష డిస్కుల మీద ఒక అధ్యయనం వెలువరించారు. కంపెనీలు తమ కాగితాల మీద సగటున పది నుంచి పదిహేను లక్షల గంటలకు ఒక డిస్కు చెడుతుందని రాసుకుంటాయి. ఆ లెక్కన ఏడాదికి చెడిపోయేవి 0.88 శాతం మించకూడదు. నిజంగా మార్చాల్సి వచ్చినవి చాలాచోట్ల రెండు నుంచి నాలుగు శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా తేలాయి. అదే ఏడాది గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించిన ఫలితాలు వెలువరించారు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ అనే చిట్టా ఒకటి ఉంటుంది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ఆ చిట్టాలోని నాలుగు ముఖ్యమైన హెచ్చరికల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి.

బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ కంపెనీ తమ డిస్కుల్లో ఏ మోడల్ ఎన్ని చెడ్డాయో 2013 నుంచి బహిరంగంగా ప్రకటిస్తోంది. ఈమధ్య సంవత్సరాల్లో అన్నీ కలిపి చూస్తే ఏడాదికి వందకు ఒకటి, రెండు మధ్య ఉంటోంది. వాళ్ల పట్టికల్లో సీగేట్ 3 టీబీ మోడల్ ఒకటి దారుణంగా దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది, అదే కంపెనీ 4 టీబీ మోడల్ దానికంటే ఎంతో మెరుగ్గా నడిచినట్టూ కనిపిస్తుంది. అంటే మంచీ చెడూ కంపెనీ పేరులో లేవు, మోడల్‌లో ఉన్నాయి. ఆ మోడల్ మంచిదని నాలుగైదేళ్లు వాడి తేల్చేసరికి అది బజార్లో దొరకదు.

రికార్డు చేసే పద్ధతి గురించి కూడా చదివాను. ఎస్ఎంఆర్ అనే పద్ధతిలో డిస్కు మీద ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పై వరసలు కదపాలి. అలాగే పాత సమాచారం మీద కొత్తది రాయాలంటే పక్కవి కూడా మళ్లీ రాయాల్సి వస్తుంది, పని మందగిస్తుంది. ఈ పద్ధతి వాడుతున్న సంగతి చెప్పకుండా నాస్ అనే నెట్‌వర్క్ నిల్వ పెట్టెల కోసం డిస్కులు అమ్మారని 2020లో వెస్టర్న్ డిజిటల్ మీద పెద్ద గొడవే జరిగింది. ఎక్కువ టీబీలు పట్టే చిన్న పోర్టబుల్ డిస్కులు చాలావరకు ఎస్ఎంఆర్ రకమే. రాత్రిపూట నింపాదిగా కాపీ చేసుకునేవాళ్లకు దానివల్ల వచ్చే ఇబ్బంది పెద్దగా ఉండదు.

ఇంత చదివాక ఎవరికైనా తట్టాల్సింది ఒకటే. ఏ డిస్కూ ముందుగా చెప్పి చెడిపోదు, కాబట్టి ఒక్కదాన్ని నమ్ముకోకూడదు. నాకు అది తట్టలేదు. వందకు ఒకటి చెడుతుందంటే, ఆ చెడిపోని తొంభై తొమ్మిదిలో ఒకటి కొంటే సరిపోతుందనుకున్నాను. లక్షల డిస్కులున్న కంపెనీకి ఒక శాతమంటే ఏటా రాసుకునే ఖర్చు. ఒకే డిస్కు ఉన్నవాడికి ఆ శాతంతో పనిలేదు. ఉంటే అంతా ఉంటుంది, పోతే అంతా పోతుంది. లెక్కలు చూసి బతికేవాణ్ణి నేను. అంకెల ముందు కూర్చుని ఈ చిన్న సంగతి గమనించలేదు.

దుకాణంలో అబ్బాయి, "ఆఫీసుకైతే రెండు తీసుకోండి సార్, ఒకటి ఇంట్లో పెట్టుకోవచ్చు" అన్నాడు. బేరం పెంచుకోవడానికి అంటున్నాడనుకున్నాను. ఈ మోడల్ గురించి నీకంటే నాకే ఎక్కువ తెలుసన్నట్టు మాట్లాడి, 4 టీబీది ఒక్కటే తెచ్చుకున్నాను.

తెచ్చి సర్వర్‌కి తగిలించాను. విండోస్‌లోనే రోబోకాపీ అని ఒక సదుపాయం ఉంటుంది. దానికి మిర్రర్ అనే ఆప్షన్ ఇచ్చి, రోజూ రాత్రి తనంతట తానే నడిచేలా పెట్టాను. సర్వర్‌లో ఏముంటే డిస్కులో అదే ఉంటుంది. కొత్త ఫైలు వస్తే ఇక్కడికీ వస్తుంది, మారితే ఇక్కడా మారుతుంది. నాలుగు రోజులు చూశాను, చక్కగా నడిచింది. ఆ తర్వాత ఆఫీసులో అందరినీ పిలిచి, ఇక మన దగ్గర ఏదీ పోదు, అంతా బ్యాకప్‌లో ఉందని చెప్పాను. బాబాయ్ గారితో విడిగా, "ఈ ఏటి నుంచి డీవీడీలు వద్దండి. ఆ టైములో రిటర్నులు చూడండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఒక సెట్టైనా ఎక్కించనా బాబూ?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. ఆయన తన ఇరవై ఏళ్ల అలవాటు మానేశారు. నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నేను మంచి డిస్కు కొనకపోయి ఉంటే ఆయన చేత ఆ పని మాన్పించేవాణ్ణి కాదు.

2023లో సర్వర్ నిండిపోవచ్చింది. సిస్టమ్స్ చూసే కుర్రాడు స్థలం కోసం పని ముగిసిన సంవత్సరాల స్కాన్ ఫోల్డర్లు తీసేశాడు. ఎవరినీ అడగలేదు, అడగాల్సిన అవసరం ఉందనుకోలేదు. బ్యాకప్‌లో ఉన్నాయని నేనే చెప్పాను కదా. ఆ రాత్రి రోబోకాపీ ఎప్పటిలాగే నడిచింది. సర్వర్‌లో లేనివి డిస్కులోంచి కూడా తీసేసింది. మిర్రర్ అంటే చేసే పనే అది. సర్వర్‌కి, డిస్కుకి మధ్య ఏ తేడా లేకుండా చూడమని దానికి చెప్పింది నేను. ఆ తర్వాత ఏడాదికి పైగా ప్రతి రాత్రీ పని విజయవంతంగా ముగిసిందనే చూపించింది. నేను ఆ ఒక్క మాట చూసుకుంటూ వచ్చాను. డిస్కు లోపలికి తొంగి చూడలేదు, పాత ఫైలు ఒక్కటీ తెరవలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు మా ఊళ్లో అజిత్‌సింగ్ నగర్‌ను ముంచెత్తాయి. కింది అంతస్తుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మా క్లయింట్లలో ఒక హోల్‌సేల్ వ్యాపారి ఇల్లు అక్కడే. పాత బిల్లుల కట్టలన్నీ కింది గదిలో ఉండేవి. నీళ్లు తీశాక చూస్తే చేతికి అట్టముద్దలు వచ్చాయట. ఆ తర్వాత కొన్ని వారాలకు 2020-21 సంవత్సరం మీద ఆయనకు జీఎస్టీ నోటీసు వచ్చింది. కొన్న సరుకు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలంటే 16వ సెక్షన్ ప్రకారం బిల్లు చేతిలో ఉండాలి. జీఎస్టీ పోర్టల్‌లో కనిపించని కొనుగోళ్ల బిల్లులే చూపించమన్నారు. ఆయన నోటీసు తెచ్చి నా బల్ల మీద పెట్టి, పెద్ద కంగారేమీ లేకుండా, "మా కాగితాలన్నీ నీళ్లపాలయ్యాయి సార్. నయం, మీ దగ్గర స్కాన్లు ఉన్నాయి" అన్నారు.

ఉన్నాయన్నాను. ఆయన్ని కూర్చోబెట్టే సర్వర్‌లో వెతికించాను. లేవు. డిస్కులో చూడమన్నాను. అక్కడా లేవు. అప్పుడు కూడా నాకు మొదట అనుమానం వచ్చింది డిస్కు మీదే. చెడిపోయిందేమో, అందుకే చూపించడం లేదేమో అనుకున్నాను. పరీక్ష చేయిస్తే ఒక్క సెక్టారు కూడా చెడలేదు.

హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవారికి పంపాను. చెరిపేసిన ఫైలు వెంటనే మాయం కాదని, ఆ చోటు ఖాళీ అని మాత్రమే డిస్కు గుర్తు పెట్టుకుంటుందని, దాని మీద ఇంకోటి రాసేదాకా దొరికే అవకాశం ఉంటుందని ఆయన వివరించారు. మా విషయంలో ఆ ఖాళీల మీద ఏడాదికి పైగా ప్రతి రాత్రీ కొత్త ఫైళ్లు వచ్చి కూర్చున్నాయి. కొన్ని ఫైళ్ల పేర్లు మాత్రం తిరిగొచ్చాయి. వ్యాపారి పేరు, నెల, బిల్లు నంబరు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

బాబాయ్ గారు బీరువా తెరిచి డీవీడీలన్నీ బల్ల మీద పేర్చారు. 2019-20 దాకా అన్నీ ఉన్నాయి. కొన్ని చదవడానికి మొండికేస్తే వాళ్లింట్లో ఉన్న రెండో సెట్టు తెచ్చారు, అందులోంచి వచ్చాయి. పోయిన ఫోల్డర్లలో ఎక్కువ భాగం అలా ఆయన చేతి మీదుగానే తిరిగొచ్చాయి. చివరికి రెండు సంవత్సరాలవి మిగిలాయి, 2020-21, 2021-22. "ఆ రెండేళ్లవీ నేను ఎక్కించలేదు బాబూ" అన్నారు, తప్పు తనదైనట్టు. నేను వద్దన్నానన్న మాట ఆయన నోట రాలేదు. ఆ పెద్దాయన ముందు అప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

తలదించుకుని ఊరుకున్నా బాగుండేది. మరునాడు ఆ కుర్రాణ్ణి అందరి ముందూ కేకలేశాను. అడక్కుండా ఎవరు తీసెయ్యమన్నారని నిలదీశాను. అతను, "బ్యాకప్‌లో ఉన్నాయని మీరే చెప్పారు కదా సార్" అన్నాడు. అందులో ఎదురు తిరగడం లేదు, నిజంగా తెలియక అడిగాడు. జవాబు చెప్పలేక ఇంకా గట్టిగా అరిచాను. తర్వాత అతన్ని పిలిచి క్షమించమని అడిగాను గానీ, అరిచింది పదిమందిలో, అడిగింది గదిలో.

బిల్లుల కోసం వ్యాపారికి సరుకు అమ్మినవాళ్ల దగ్గరికి తిరిగాం. కొందరు నకళ్లు ఇచ్చారు. కరోనా తర్వాత దుకాణాలు మూసేసుకున్నవాళ్లు దొరకలేదు. దొరకనివాటి మీద క్రెడిట్ పోయింది, ఆయన పన్నూ వడ్డీ కట్టుకున్నారు. అందులో నేను భరించాల్సింది భరిస్తానన్నాను, ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది ఖాతాలు వేరే ఆడిటర్‌కు అప్పగించారు. ఆయన చేసింది న్యాయమే.

ఆ రోజుల్లోనే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వృత్తాంతం చదివాను. 2017 జనవరి 31న వాళ్ల ఇంజినీరు ఒకరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో అసలు డేటాబేస్ చెరిపేశారు. బ్యాకప్‌కి వాళ్లు ఐదు పద్ధతులు పెట్టుకున్నారు. అవసరం వచ్చి చూస్తే ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచెయ్యడం లేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ సంగతిని వాళ్లు దాచుకోలేదు. ఎక్కడ తప్పు జరిగిందో పూసగుచ్చినట్టు రాసి లోకానికి చెప్పారు, బాగుచేసే పనిని కూడా యూట్యూబ్‌లో అందరికీ చూపించారు. అంత పెద్దవాళ్లు చెప్పుకోగా లేనిది నేను ఎందుకు దాచుకోవాలి?

ఏ డిస్కు కొనాలని ఇప్పుడెవరైనా అడిగితే నా జవాబు పొడుగ్గానే ఉంటుంది. ఆ మూడు కంపెనీల్లో ఏదైనా పరవాలేదు, బిల్లుతో తీసుకోండి, కానీ రెండు తీసుకోండి, రెండూ ఒకే కంపెనీవి వద్దు. ఒకే లాట్‌లో తయారైనవైతే ఒకే లోపం రెండింటిలోనూ ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో కారుచౌకగా వచ్చే 16 టీబీ పోర్టబుల్ డ్రైవ్‌ల జోలికి పోవద్దు. వాటిలో చాలావాటి లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు, కంప్యూటర్‌కి మాత్రం 16 టీబీ అని అబద్ధం చెబుతుంది. కొత్త డిస్కు ఏదైనా సరే, ముందు మొత్తం నింపి, తిరిగి చదివించి చూశాకే పనిలోకి దించాలి. ఎస్ఎస్‌డీలు కిందపడినా తట్టుకుంటాయి, కానీ ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచేస్తే లోపలి చార్జీ తగ్గిపోయే ప్రమాదం ఉంది, దాచిపెట్టడానికి హార్డ్ డిస్కే నయం. వారంటీ చూసి ధైర్యపడొద్దు. చెడిపోతే వాళ్లిచ్చేది ఇంకో ఖాళీ డిస్కు.

కాపీ కాగానే డిస్కు ఊడదియ్యాలి. 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది వస్తే కంప్యూటర్‌తో పాటు దానికి తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం వేసేస్తుంది. మా డిస్కు మూడేళ్లు సర్వర్‌కే అంటుకుని ఉంది. అటునుంచి ముప్పు రాకపోవడం కేవలం అదృష్టం.

ఇప్పుడు మా దగ్గర రెండు డిస్కులు వారం మార్చి వారం తిరుగుతాయి. ఒకటి ఆఫీసులో ఉంటే రెండోది బాబాయ్ గారింట్లో, పై అంతస్తులో. క్లయింట్ల ఆధార్, పాన్ వివరాలుంటాయి కాబట్టి రెండింటికీ బిట్‌లాకర్ తాళం వేశాం. ఆ తాళం తీసే అంకెలు కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో పెట్టాను. మిర్రర్ తీసేశాను. రోజూ మారినవి కొత్తగా చేరతాయే గానీ పాతవి చెరగవు. మూడోది క్లౌడ్‌లో ఉంది. కంపెనీలు తమ ఖాతాల బ్యాకప్‌ను మనదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన మారింది కాబట్టి, భారత్‌లోనే డేటా ఉంచే సంస్థను చూసి తీసుకున్నాం. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, కనీసం ఒకటి వేరే చోట ఉండాలని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. నేను డిస్కు కొనే రోజుల్లో కూడా అది చదివాను, పెద్ద కంపెనీలకు వర్తించేదనుకుని దాటేశాను.

బాబాయ్ గారి డీవీడీలు మళ్లీ మొదలయ్యాయి. దొరకడం కష్టమవుతోంది, మా కొత్త కంప్యూటర్లకు డ్రైవ్ కూడా లేదు, యూఎస్‌బీది ఒకటి కొన్నాం. ఆయన పద్ధతిలో ముఖ్యమైనది ఎక్కించాక తెరిచి చూడడం. ఆ పని ఇప్పుడు ఆ కుర్రాడికి అప్పగించాను. నెలకోసారి ఎవరో ఒక క్లయింటు పేరు, ఏదో ఒక సంవత్సరం నేను చెబుతాను. అతను సర్వర్‌ను ముట్టుకోకుండా రెండు డిస్కుల్లోంచి, క్లౌడ్‌లోంచి ఆ ఏటి బిల్లు ఒకటి తెచ్చి, అచ్చు తీసి నా బల్ల మీద పెట్టాలి. పోయిన నెల ఈమధ్యే చేరిన బిల్లు అడిగితే రెండు కాగితాలే తెచ్చాడు. క్లౌడ్‌లో ఆ మధ్య నుంచి కొత్తవేవీ చేరడం లేదట. పాస్‌వర్డ్ మారిందని, ఎప్పుడు మారిందో ఆ తేదీ కూడా రాసి తెచ్చాడు. మార్చింది నేను. సర్వర్‌లో కొత్తది ఇవ్వడం మరిచిపోయాను. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని ఆగిపోయిన రోజులన్నీ ఎక్కించాం. బాబాయ్ గారు కూడా మాతోనే ఉండి, ఎక్కినవాటిలోంచి ఒక్కో బిల్లు తెరిపించి చూశారు.